అన్నింటినీ మింగే జోల

పడవ దిగి గోథెన్‌బర్గ్ రేవులో ట్రామ్ ఎక్కేసరికి హెడ్విగ్ చుట్టుపక్కల సీట్లు ఖాళీ అయిపోయాయి. ఆమె కోటు నిండా హెర్రింగ్ చేపల పొలుసులు, పేగులు, నెత్తురు. ఎదురుగా ఉన్న ముసలాయన మర్యాదగా కిటికీ వైపు తిరిగి మఫ్లర్ ముక్కు దాకా లాక్కున్నాడు. కంపు కొడుతున్నావని ఈ ఊళ్ళో ఎవరూ మొహం మీద అనరు. లేచి పక్కకి పోతారు. అయితే హెడ్విగ్‌కి రోత పుట్టిస్తున్నది చేపలు కాదు.

ఎదుటి ద్వీపంలోని చేపల కార్ఖానాలో హెర్రింగ్‌లని కోసి శుభ్రం చేసే యంత్రం ఒకటుంది. దాన్ని నడిపేది విశ్వవిద్యాలయంలో హెడ్విగ్ వాళ్ళు తయారుచేస్తున్న కంప్యూటర్ భాష. లెక్కల్లోని ప్రమేయాల మీద కట్టిన భాష అది. అందులో తప్పుల్ని పట్టే పద్ధతి మొత్తం హెడ్విగ్‌దే, ఆమె డాక్టరేట్ కూడా దాని మీదే. శుక్రవారం భాష విడుదల. అది సాఫీగా జరిగితే ప్రొఫెసర్ బెర్టిల్ ఆమె పరిశోధన మీద సంతకం పెడతాడు, లేకపోతే లేదు.

ఆమె పద్ధతిలో తప్పులన్నీ ఒకే వంశం. పైన మూలపురుషుడు, కింద శాఖలు. ఎవరికి కావలసిన కొత్త తప్పుని వాళ్ళు పేరు పెట్టి ఏదో ఒక శాఖకి తగిలించుకోవచ్చు, పాత ప్రోగ్రాములని కదపనక్కర్లేదు. పట్టుకునేవాడు మాత్రం తనకి చేతనైన తప్పునే పేరు పెట్టి పట్టుకోవాలి, మిగతావి పైవాడికి వదిలెయ్యాలి. బయటినుంచి వచ్చే ‘ఆగు’ అనే ఆజ్ఞ కూడా ఆ వంశంలోదే. నడుస్తున్న పనిని ఆపాలంటే దాని మీదికి ఏదో ఒకటి విసరాల్సిందే, ఇలాంటి భాషలో అంతకన్నా దారి లేదు.

పక్క గది రూనె మంచివాడు. ఆ మంచితనంతోనే వచ్చింది చావు. తప్పుల సందేశాలు చూసి వాడేవాళ్ళు బెంగపడుతున్నారని ఒక చిన్న పనిముట్టు తయారుచేశాడు. అది ఏకంగా మూలపురుషుణ్ణే పట్టేస్తుంది, అంటే వంశమంతా చిక్కినట్టే. పట్టుకుని ఏం చేస్తుందయ్యా అంటే, ఏమీ చెయ్యదు. గుటుక్కున మింగి తెర మీద ‘అంతా సవ్యం’ అని రాస్తుంది. దానికి ‘జోల’ అని ముద్దుపేరు పెట్టి, కార్ఖానా ప్రోగ్రాము నిండా చల్లాడు.

ఇవాళ పొద్దున చేపల్ని మోసుకొచ్చే పట్టా వంకరపోయింది. కత్తి దగ్గర పనిచేసే గూన్‌వోర్ ఎర్ర మీట నొక్కింది. ‘ఆగు’ వెళ్ళింది, జోల దాన్ని కూడా తప్పుగా లెక్కగట్టి మింగేసింది. యంత్రం ఆగలేదు. గూన్‌వోర్ మీటని మళ్ళీ మళ్ళీ గుద్దుతూనే ఉంది, చేపలు కుప్పలుగా కిందికి జారుతూనే ఉన్నాయి. విడుదలకి ముందు యంత్రం ఎలా నడుస్తోందో చూడ్డానికి వెళ్ళిన హెడ్విగ్ మోకాళ్ళ దాకా పేగుల్లో నిలబడి తెర వైపు చూసింది. అంతా సవ్యం. ఆ రెండు మాటలు ఆమెకి పేగులకన్నా ఎక్కువ రోత పుట్టించాయి. చివరికి గూన్‌వోర్ పరుగెత్తి కరెంటే తీసేసింది.

"మీ చదువులు మండా! ఆగమంటే ఆగని దాన్ని తెచ్చి మా నెత్తిన పెట్టారేంటే పిల్లా!" అంది గూన్‌వోర్ రొప్పుతూ.

మర్నాడు ఫీకా అనే కాఫీ విరామంలో అందరూ కప్పులతో, దాల్చినచెక్క బన్నులతో బల్ల చుట్టూ చేరారు. ఆ విభాగంలో ఏ నిర్ణయమైనా ఈ కాఫీ దగ్గరే జరుగుతుంది. ఎవరో ఒకరు ఒక మాట అంటారు, అడ్డు చెప్పడం మోటుతనం కనుక మిగతావాళ్ళు బన్ను నములుతారు, బన్ను అయిపోయేసరికి అందరూ ఒప్పుకున్నట్టే. జోల కూడా అలా నమిలి ఒప్పుకున్నదే.

"నిన్న కాస్త ఇబ్బంది అయిందట," అన్నాడు బెర్టిల్, కాఫీ ఒలికిందని చెప్పినంత తేలిగ్గా. "‘ఆగు’ని ఆ వంశంలోంచి తీసి వేరే పెడదాం. అప్పుడు జోల దాని జోలికి పోదు. ఏమంటారు?"

బన్నులు నమిలారు.

"జోల ఉండకూడదు," అంది హెడ్విగ్. "నిన్న అది ‘ఆగు’ని మింగింది కాబట్టి మనకి తెలిసింది. ఇంకా ఏమేం మింగుతోందో ఎవరికి తెలుసు?"

"ఏంటి తల్లీ, అంత కోపం!" అన్నాడు రూనె నవ్వుతూ. "ఇన్నాళ్ళలో కార్ఖానా నుంచి ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

"నోరు నొక్కిపెట్టి, అరవడం లేదు కదా అంటావేంట్రా!"

బల్ల చుట్టూ చూపులు కప్పుల్లోకి దిగాయి. ఎవరో చెంచాతో చప్పుడు కాకుండా కలిపారు. బెర్టిల్ చిరునవ్వు చెదరలేదు. "మంచి మాట. ఆలోచిద్దాం. అయితే అందరం ఒక మాట మీద ఉన్నట్టే," అని కాఫీ కూజా పక్కకి జరిపాడు. తను కాదన్న మాట కూడా కాఫీతో పాటు వాళ్ళ గొంతుల్లోంచి దిగిపోవడం హెడ్విగ్ చూసింది. ఎంత శుభ్రమైన మనుషులు, ఎంత మెత్తటి మాటలు! ఆమెకి ఒళ్ళంతా జిగటగా అనిపించింది. నిన్నటి పేగులే నయం, కనీసం కంపు కొట్టాయి.

తన గదికి పోయి జోలని పీకి పారేసింది. పారెయ్యగానే కార్ఖానా ప్రోగ్రాములో జోల ఉన్న ప్రతిచోటా భాష నిలదీసింది: ఇక్కడ తప్పు జరిగితే ఏం చేస్తావు? హెడ్విగ్ జవాబేమీ రాయలేదు. ఏ తప్పునీ పట్టకుండా, వచ్చింది వచ్చినట్టు పైకి పోయేలా వదిలేసి, ప్రోగ్రాముని ద్వీపానికి పంపించింది.

మర్నాడు పొద్దున్నే రూనె గదిలో ఫోను మోగింది. హెడ్విగ్ అతని పక్కనే ఉంది.

"ఏం మనుషులయ్యా మీరు!" గూన్‌వోర్ గొంతు గది నిండా వినిపించింది. "మొన్న ఆగమంటే ఆగలేదు, ఇవాళ కదలమంటే కదలట్లేదు. చేపలు కుళ్ళిపోతున్నాయి ఇక్కడ! కత్తి మూత తెరిచి ఉందిట, దాని మొహం!"

"మూత వేసి చూడండమ్మా," అన్నాడు రూనె.

"ఎక్కడి మూతయ్యా! బందు విరిగి చలికాలం నుంచీ పక్కనే పడుంది. తెర మీద అంతా సవ్యం అంటోంది కదా, భయం లేదనుకుని రోజూ చెయ్యి పెట్టి ఇరుక్కున్న చేపలు లాగేస్తున్నాను. ప్రమాదమైతే కత్తి దానంతటదే ఆగుతుందని మీరే కదా చెప్పారు?"

మూత తెరిచి ఉందన్న తప్పు ఆ చలికాలం నుంచీ రోజూ వస్తూనే ఉంది. రోజూ జోల మింగుతూనే ఉంది. రూనె తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడుముకున్నాడు. "చెయ్యి పెట్టకండి," అని మాత్రం అన్నాడు.

తలుపు దగ్గర బెర్టిల్ నిలబడి ఉన్నాడు. ఈసారి చిరునవ్వు లేదు.

"కార్ఖానా యజమాని నా మీద అరుస్తున్నాడు. హెడ్విగ్, తీసింది మళ్ళీ పెట్టు. శుక్రవారం ఈ గొడవతో విడుదల చెయ్యలేను. విడుదల లేకపోతే నీ సంతకం సంగతి నీకు తెలుసు."

"తెలుసు," అంది హెడ్విగ్. ఇన్నేళ్ళ చదువూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. "పెట్టను."

"రూనె, నువ్వైనా పెట్టు. రాసింది నువ్వే కదా."

"నేనూ పెట్టను," అన్నాడు రూనె. అతను ఎవరికైనా కాదని చెప్పగా హెడ్విగ్ వినడం అదే మొదలు. బెర్టిల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరే మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. సంతకం కూడా ఆయనతోనే పోయింది.

రూనె కార్ఖానా ప్రోగ్రాము తెరిచి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మూత తెరుచుకుంటే కత్తి ఆపాలి అని మొదటిది రాశాడు. రెండో చోటికి వచ్చి ఆగిపోయాడు.

"ఇక్కడ నాకేం చెయ్యాలో తెలీదు."

"తెలీకపోతే పట్టుకోకు. పైవాడికి పోనీ."

"పైన కూడా పట్టేవాడు లేకపోతే?"

"గట్టిగా అరిచి ఆగిపోనీ," అంది హెడ్విగ్. "అక్కడ ఆవిడ చెయ్యి ఉంది."