చింతపండు చారు

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ ఏడు, శాలిబండలో ఆండాళు పెరట్లో టమాటలు విరగకాశాయి. పక్కింటి షౌకత్ బీ ఇచ్చిన నారు అది. అత్త నాగమణమ్మ నిండిన గంపల వంక చూసి మొహం చిట్లించింది.

“తెల్లోళ్ల పండ్లు. పచ్చి మాంసం లెక్కున్నయి. బర్రెలకెయ్యి.”

“నీళ్లు మోసి పెంచిన. పారెయ్య.”

“అయితే నువ్వే తిను. నాకు చింతపండు చారు చాలు.”

ఆండాళు రోజూ టమాటలు ఉడకబెట్టి, పిసికి, తొక్కలు తీసేసి, ఇంగువ పోపుతో చారు కాచింది. అత్తకూ అదే పోసింది.

వారం తిరిగేసరికి నాగమణమ్మ చెయ్యి నాకుతూ, “ఈపారి చింతపండు మంచిగున్నది. ఏడ తెచ్చినవే?” అని అడిగింది.

“ఇంట్ల చింతపండు అయిపోయి వారమాయె అత్తమ్మా,” అంటూ ఆండాళు గరిటె ముంచింది. “ఇంకింత పొయ్యాల్నా?”