ఒకే బొమ్మ వెనక రెండు

"అంత కొట్టేసి కొత్తగ ఎక్కిస్తడట సోహైల్. గంటల అయిపోతది" అన్నాడు ఓదెలు.

నేను కౌంటరు అద్దం తుడుస్తున్నాను. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయిన గంటకల్లా మా గోదావరిఖనిలో ఏ అద్దం మీదైనా వేలితో పేరు రాయొచ్చు. రోజుకు మూడుసార్లు తుడుస్తాను.

"ఏం కొట్టేస్తడు?"

"కంప్యూటర్. నీ నీలం పుస్తకం ఖాళీ అయింది. ఏదో నొక్కి నువ్వే ఖరాబ్ చేసినవ్."

గోడ గడియారం చూశాను. పదకొండున్నర. నాలుగింటికల్లా గని ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితాలు ఆ నీలం పుస్తకంలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

షాపు బోర్డు మీద 'ఓదెలు ఆన్‌లైన్ సెంటర్' అని ఉంటుంది. ఓదెలు నా భర్త. ఓపెన్‌కాస్టులో ఫిట్టరు. షిఫ్టుకు ముందో తర్వాతో గంటసేపు వచ్చి తిరిగే కుర్చీలో కూర్చుంటాడు. ఆ గంటలో వచ్చినవాళ్లు అతన్ని సేటు అంటారు. మిగతా తొమ్మిది గంటలు స్టూలు మీద కూర్చునే నన్ను "ఇగో అమ్మా" అంటారు. రెండేళ్ల కింద పాత కంప్యూటర్లు కదలమని మొరాయిస్తే, పారేద్దామన్నాడు. ఒక చేత్తో పప్పు తిప్పుతూ ఒక చేత్తో ఫోన్లో చూస్తూ, పదిహేను రోజుల్లో వాటికి లినక్స్ అనే ఉచిత సిస్టం ఎక్కించాను. ఆ వారమే ఒక కస్టమరుతో అతను అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "కొత్త సిస్టం పెట్టించిన." పెట్టించిన. ఇంట్లో అన్నం వండిస్తాడు, పిల్లలను చదివిస్తాడు, వాళ్లమ్మను దవాఖానలో చూపిస్తాడు. అతని పనులన్నిటికీ చివర 'ఇంచు' ఉంటుంది. ఆ 'ఇంచు' వెనక నేనుంటాను.

నీలం పుస్తకం అంటే ఒక నోట్సు ప్రోగ్రాం. తెర మీద నీలం అట్ట పుస్తకం బొమ్మ ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ అదే పేరు. స్కాన్ చేసిన ప్రతి కాగితం, నింపిన ప్రతి ఫారం, మనిషికొక పేజీ పెట్టి అందులో దాస్తాను. ఇంకో కాపీ ఉంచడానికి ఒక డిస్కు కొనమని మూడుసార్లు అడిగాను. "నువ్వేమన్న బ్యాంకు నడుపుతున్నవా?" అన్నాడు.

అందులో మల్లక్క పేజీ ఉంది. మల్లక్క భర్త సదయ్య గని సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. కూతురు సహస్ర డిగ్రీ చదివింది, నాన్న ఉద్యోగం తనే చేస్తానంది. మల్లక్క మరిది మాత్రం ముందుగా ఒక కాగితం పెట్టి వచ్చాడు: పిల్లకు సంబంధం కుదిరింది, పెళ్లయ్యాక అల్లుడికి ఇస్తాం అని. ఈరోజు నాలుగింటిలోపు సహస్ర దరఖాస్తు పడకపోతే ఆ కాగితమే నిలుస్తుంది. అసలు కాగితాలన్నీ "భద్రంగ ఉంటయి" అని ఆ మరిదే తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకున్నాడు. ఆయన తీసుకెళ్లడానికి ముందురోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వాటిని నా దగ్గరికి తెచ్చారు. ఇరవై మూడు కాగితాలు స్కాన్ చేశాను. లోకంలో సహస్ర చేతికి అందే కాగితాలు అవే.

ఇంకొక సంగతి. ఆ కుదిరిన సంబంధం రుత్విక్. ఓదెలు అక్క కొడుకు. నన్ను అత్తా అని పిలిచే పిల్లవాడు.

కంప్యూటర్ ముందు తిరిగే కుర్చీ ఖాళీగా ఉంటే అందులోనే కూర్చున్నాను. నీలం పుస్తకం నొక్కాను. తెరుచుకుంది. తెల్లటి పేజీ, మధ్యలో 'కొత్త పుస్తకం మొదలుపెట్టండి' అన్న మాట. రెండేళ్ల నా పని, ఆరు వందల మంది పేజీలు, ఒక్కటి లేదు. నిజంగా నేనే ఏదైనా నొక్కానా? నాకు ముందుగా వచ్చిన ఆలోచన అదే. పదిహేనేళ్లుగా ప్రతి పగిలిన గ్లాసుకూ, ప్రతి విరిగిన పాలకూ "నువ్వే" అని వింటే మనసు తనంతట తనే సంజాయిషీ వెతుక్కుంటుంది. అలా వెతుక్కున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు ఓదెలు వైపు చూశాను. నా స్టూలు మీద కూర్చొని ఫోన్లో ఏదో చూస్తూ కాలు ఊపుతున్నాడు. చిల్లర తక్కువైతే అరగంట అరిచే మనిషి, షాపు మొత్తం ఖాళీ అయిందని చెప్పి కాలు ఊపుతున్నాడు.

పన్నెండింటికి మల్లక్క, సహస్ర వచ్చారు. నేను నోరు తెరవకముందే ఓదెలు చెప్పేశాడు. "పోయినయ్ అక్కా. మా ఆమె చేతుల పోయినయ్. ఆడోళ్లకు మిషన్లు అప్పజెప్తే గిట్లనే ఉంటది. ఏం జేస్తం, నసీబు. రుత్విక్ మంచి పోరడు, ఫికర్ చెయ్యకుండ్రి."

మల్లక్క గోడకు ఆనుకొని అలాగే కూర్చుండిపోయింది. "నీ మీద బరోస పెట్టినం గద బిడ్డా" అంది నాతో. తిట్టినా బాగుండేది.

సహస్ర మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, నిజంగ పోయినయా?"

"నాకింక తెల్వదు. తెలిసినంక చెప్త" అన్నాను.

సోహైల్ వచ్చాడు. మార్కెట్ దగ్గర రిపేరు షాపు అతనిది. పెన్‌డ్రైవ్ చేతిలోనే ఉంది. "లే అక్కా, జల్ది చేస్త. భాయ్‌కి సెకండ్ షిఫ్టు ఉందట."

నేను లేవలేదు. "ఇది కొట్టేస్తే పాతయి మల్లొస్తయా?"

"ఎట్లొస్తయి అక్కా. సాఫ్."

"మరి పది నిమిషాలు ఆగు."

"ఏ, దానికేం తెల్సు, నువ్వు కూసో" అన్నాడు ఓదెలు. అతని చేయి నా కుర్చీ వీపు మీద పడింది. కుర్చీని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాను. తిరిగే కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు నేలకు ఆనించి పెడితే తిరగదని అప్పుడే తెలిసింది.

సోహైల్ మా ఇద్దరినీ చూసి గోడకు ఆనుకున్నాడు. "పది నిమిషాలే గద భాయ్."

లినక్స్‌లో ప్రోగ్రాములు తెచ్చుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంటుంది. చూడటానికి ఒకే దుకాణంలా ఉంటుంది కానీ దాని వెనక సరుకు వచ్చే చోట్లు వేరు వేరు. ఒకటి సిస్టం సొంత గిడ్డంగి. అక్కడి ప్రోగ్రాములు సిస్టంలో ఉన్నవాటితో కలిసి మెలిసి పనిచేస్తాయి. ఇంకొకటి బయటి గిడ్డంగి. అక్కడినుంచి వచ్చే ప్రోగ్రాం తనకు కావలసినవన్నీ మూట కట్టుకొని వస్తుంది, తన గదిలో తను ఉంటుంది, తన సామాను తన గదిలోనే పెట్టుకుంటుంది. పక్క గదిలో ఏముందో దానికి కనబడదు. దుకాణంలో మాత్రం రెండింటికీ అదే పేరు, అదే బొమ్మ. పేరు పక్కన మూలాన్ని చూపించే చిన్న గడి ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి చూస్తే తప్ప ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఎవరూ నొక్కరు.

నేను నొక్కాను. రెండు వరుసలు దిగాయి. సిస్టం గిడ్డంగి, బయటి గిడ్డంగి. రెండింటి ముందూ టిక్కు గుర్తు.

రెండూ ఉన్నాయి. రెండో నీలం పుస్తకం ఎవరో తెచ్చారు. అది వచ్చి మొదటిదాని బొమ్మ మీద కూర్చుంది. బొమ్మ నొక్కితే కొత్తది తెరుచుకుంటోంది, దాని గదిలో ఏమీ లేదు కాబట్టి ఖాళీగా కనబడుతోంది. నా ఆరు వందల పేజీలు పక్క గదిలో, తలుపు వేసి ఉన్నాయి. ఏదీ పోలేదు. పెన్‌డ్రైవ్ పెడితేనే పోయేవి.

ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి ఒక్క వరుస కొట్టాను. బయటి గిడ్డంగి నుంచి ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పే వరుస అది. నిన్న మధ్యాహ్నం రెండుంబావు అని చూపించింది. నిన్న రెండుంబావుకు నేను మా అత్తమ్మను షుగరు పరీక్షకు తీసుకెళ్లి దవాఖాన లైన్లో నిలబడి ఉన్నాను. షాపులో ఓదెలు ఒక్కడే ఉన్నాడు.

సోహైల్ వంగి చూశాడు. "భాయ్, నేను ఏం ముట్టలేదంటివి గద ఫోన్‌ల."

"కొత్త వెర్షన్ అని కనవడ్డది, నొక్కిన. మంచికే నొక్కిన" అన్నాడు ఓదెలు.

గడిలో బయటి గిడ్డంగిని ఎంచుకున్నాను. ఒకటికి రెండుసార్లు చూసుకొని, తీసేసే ఎర్ర బటన్ నొక్కాను. కొత్తది వెళ్లిపోయింది. బొమ్మ నొక్కాను. పేజీలన్నీ బిలబిలా వచ్చాయి. మ అక్షరం దగ్గర మల్లక్క. ఇరవై మూడు కాగితాలు. సహస్ర వంగి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది.

సోహైల్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నాడు. "నాకే తెల్వదు అక్కా ఇది" అని నవ్వి వెళ్లిపోయాడు.

ప్రింటరుకు కాగితం పెట్టబోతుంటే ఓదెలు నన్ను జిరాక్సు మిషన్ వెనక్కి పిలిచాడు. గొంతు తగ్గించాడు. "ప్రింటర్ పనిజేస్తలేదని చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకేందే. నొక్కినప్పుడు తెల్వక నొక్కిన, ఒట్టు. పోయిందని చూసినంక అనుకున్న, దేవుడే జేసిండని. ఇయ్యాల దాటితె రుత్విక్‌కు లైను సాఫు. మా అక్కకు మాట ఇచ్చిన. గా పొల్లకు బొగ్గుబాయి పని ఎందుకు? ఇంట్ల కూసుంటె అయిపాయె."

తెలియక నొక్కినందుకు నేనేమీ అనేదాన్ని కాదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. కానీ పోయాయని తెలిసి సంతోషపడ్డాడు. ఆ సంతోషం పక్కాగా నిలవడానికి అంతా కొట్టేసే మనిషిని పిలిపించాడు. నేరం నా నెత్తిన పెట్టి, ఆ తల్లి ముందు నన్ను దోషిని చేసి, కాలు ఊపుతూ కూర్చున్నాడు. పెళ్లయిన కొత్తలో ఏది పోయినా అత్తమ్మ "బయటికెల్లి వచ్చినదానివి, మా ఇంటి పద్ధతి నీకేం తెలుస్తది" అనేది. పదిహేనేళ్లు నేను బయటినుంచి వచ్చినదాన్నే. మరి ఇతని ఉద్యోగం ఎక్కడినుంచి వచ్చింది? మా నాయనది. జబ్బు చేసి గని పనికి నాయన అన్‌ఫిట్ అయినప్పుడు నేను ఇంటరు పాసై ఉన్నాను. ఇల్లరికం వచ్చిన అల్లుడని రాయించి, నాకు అభ్యంతరం లేదని నాతో సంతకం చేయించారు. అక్కడా 'ఇంచు'. మేము ఉంటున్న క్వార్టరు ఆ ఉద్యోగంతో వచ్చింది. అత్తమ్మ షుగరు మందులు ఆ ఉద్యోగంతో వస్తున్నాయి. ఆ ఇంట్లో మా నాయన పేరు మీద నడవనిది గ్యాసు స్టవ్వు ఒక్కటే, దాన్ని నడిపేది నేను. బయటినుంచి మూట కట్టుకొని వచ్చి, ఉన్నదాని బొమ్మ మీద కూర్చున్నది నేను కాదు. ఎవరూ ఆ చిన్న గడి నొక్కి చూడలేదంతే.

ఇదంతా అతనితో అనలేదు. "షిఫ్టుకు టైమైతున్నది, పో" అన్నాను.

కాగితాలు ప్రింటు తీసి, పొడుగాటి ఫారం మొత్తం నింపి సరిచూసేసరికి మూడు కావచ్చింది. దరఖాస్తులో ఉద్యోగం కోరేవారి పేరు దగ్గర సహస్ర, దాని కింద మల్లక్క వేలిముద్ర. ఆ కిందే సాక్షి సంతకానికి ఒక ఖాళీ గీత. బంధువుల్లో ఒకరు పెట్టాలి, కుదిరిన సంబంధం దిక్కువాళ్లయినా సరే. మల్లక్క తల దించుకుంది. "మా దిక్కు ఎవ్వరు పెడుతలేరు బిడ్డా. మరిదికి భయపడుతున్నరు."

షట్టరు దించాను. పట్టపగలు మూడింటికి షాపు మూయడం అదే మొదటిసారి. ముగ్గురం ఆటోలో గని ఆఫీసుకు చేరేసరికి మూడూ నలభై. కిటికీ వెనక క్లర్కు కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. తర్వాత సాక్షి గీత మీద వేలు పెట్టి ఆగాడు.

"ఇది ఖాళీ ఉన్నది. మల్ల ఇప్పుడే ఫోన్ వచ్చింది. పిల్లగాని దిక్కోళ్లు అభ్యంతరం చెప్తమంటున్నరు. వాళ్లొచ్చేదాక ఆగుండ్రి."

ఎవరు ఫోన్ చేశారో అడగాల్సిన పనిలేదు. సహస్ర చేతిలోని పెన్ను తీసుకున్నాను.

"పిల్లగాని దిక్కు నేనే సార్. రుత్విక్‌కు మేనమామ భార్యను. మాకు ఏ అభ్యంతరం లేదు" అని చెప్పి, ఆ గీత మీద సంతకం పెట్టాను.