సబ్బాతు నాడు పెట్టిన చుక్కలు

మా మావయ్య మైమో నిప్పులు కడిగే మనిషి. సబ్బాతు నాడు చొక్కాకు వేలాడే దారం తెంపుకున్నాడని పొరుగింటి ఆస్త్రుక్‌ను మా యూదుల సమాజ మందిరం మెట్ల మీదే కడిగేశాడు. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకే దాకా మేం ఏ పనీ చెయ్యం; దీపం ముట్టించం, పొయ్యి రాజెయ్యం, కలం పట్టం. మిగతా ఆరు రోజులూ మా ఇంట్లో కలం ఆగదు. మయోర్కా రేవు నుంచి దూరం పోయే ఓడలకు సముద్రపటాలు గీసేది మేమే. రాజుగారి ఓడ అయినా సరే, పటం కావాలంటే మా యూదుల వీధికి రావలసిందే.

మావయ్యకు చూపు మందగించి రెండేళ్ళయింది. ఆయన చెబుతాడు, నేను గీస్తాను. ఈ సంగతి గడప దాటనిచ్చేవాళ్ళం కాదు. మేనకోడలు గీసిన పటాన్ని నమ్మి ఏ మగమహారాజు సముద్రం మీదికి పోతాడు?

ఆ శుక్రవారం సాయంత్రం సరంగు బెరెంగేర్ పటం కోసం వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆఫ్రికా తీరం వెంబడి, ఇక్కడివాళ్ళు ఎవరూ పోనంత దక్షిణానికి పోతున్నాడు. ఆ దారిలో ఒక నది ఎదుట నీళ్ళ కింద ఇసుక తిన్నె ఉందని ఆ తీరంలోనే సఫీ రేవులో వ్యాపారం చేసే మా అన్నయ్య ఉత్తరం రాశాడు. అక్కడి జాలర్లు చెబితే ఆ రేవులోని మా యూదులు విన్న కబురది. మా ఇంట్లో తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇసుక తిన్నెలను ఎర్ర చుక్కలతో, తీరం గీసిన సిరా ఆరాక, అన్నిటికన్నా చివర పెడతాం. అది ఆరేలోగా మర్నాటి దాకా వేడిగా ఉండేలా సబ్బాతు కూర కుండను రొట్టెల బట్టీలో పెట్టి రావాలని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి మావయ్య పటం చుట్టి ఇచ్చేశాడు. అప్పటికే పొద్దు వాలుతోంది. దీపాలు వెలిగించే హడావుడిలో చుక్కల మాటే మరిచిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకు ఆస్త్రుక్ కూడా వచ్చాడు. మావయ్య రొట్టె తుంచి ఉప్పు చల్లాడు. నాలుగు ఉప్పు కళ్ళు బల్ల మీద పడ్డాయి. చుక్కలు చుక్కలుగా. దిగ్గున లేచాను.

"మావయ్యా, కొంప మునిగింది! తిన్నె పెట్టలేదు!"

"ఏ తిన్నె?"

"అన్నయ్య రాసిన తిన్నె. ఓడ ఈ పూటే కదులుతోంది."

ఆయన నోటి దాకా వచ్చిన ముక్క కింద పెట్టేశాడు. "ఓడలో ఎంతమంది?"

"ఇరవై ఏడు మంది."

ఆయన లేచాడు. ఆస్త్రుక్ అడ్డం పడ్డాడు. "ఆగవయ్యా పెద్దమనిషీ! వెళ్ళి నోటితో చెప్పిరా. ఆ క్రైస్తవ సరంగే గీసుకుంటాడు."

"ఉత్తరం చూడనివాడు ఎక్కడ గీస్తాడురా, నీ బోడి గుండు మీదా?"

మావయ్య నా భుజం పట్టుకుని రేవు దాకా పరుగులాంటి నడక నడిచాడు. తన చొక్కా దారానికే అన్ని తిట్లు తిట్టినవాడు ఏం చేస్తాడో చూద్దామని ఆస్త్రుక్ కూడా వెంట వచ్చాడు.

అప్పటికే లంగరు ఎత్తుతున్నారు. నేను అరిచిన అరుపుకు రేవంతా ఆగిపోయింది. బెరెంగేర్ దిగివచ్చాడు. "ఏంటి పెద్దాయనా, ఇవాళ మీరు వేలు కూడా కదపరుగా?"

సంగతి చెప్పగానే అతని మొహం పాలిపోయింది. పటం తెచ్చి పీపా మీద పరిచాడు. ఓడలో ఉన్నది నల్ల సిరా ఒక్కటే. తప్పు నాది, చెయ్యీ నాదే అనుకుని కలం అందుకోబోయాను. మావయ్య నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"వెనక్కి తియ్యి! ప్రాణం మీదికొస్తే సబ్బాతును పక్కన పెట్టమన్నారు మన గురువులు. ఆ పని పిల్లల చేతా, పరాయివాళ్ళ చేతా చేయించకూడదు, పెద్దవాడే చెయ్యాలి. లేదంటే రేపు ఇంకొకడు చెయ్యచ్చా వద్దా అని ఆలోచిస్తూ నిలబడతాడు. ఈలోపు ఎవడో మునిగిపోతాడు."

"మీకు కనపడదు కదా మావయ్యా!" అనేశాను, సరంగు ముందరే. రెండేళ్ళు దాచిన గుట్టు నా నోటితోనే రట్టయింది.

"కనపడదు," అన్నాడాయన గట్టిగా, అందరికీ వినపడేలా. "గీసేది నువ్వేగా. చెప్పు, పెడతాను."

"కుడికి. ఇంకా. కొంచెం కిందికి. అక్కడ."

పన్నెండు సార్లు చెప్పాను. పన్నెండు చుక్కలు పెట్టాడు. కొన్ని కందిగింజలంత పడ్డాయి, రెండు చెదిరాయి. మధ్యలో గాలికి తోలుపటం లేచింది. ఎవరో దాని అంచు నొక్కి పట్టుకున్నారు. చూస్తే ఆస్త్రుక్!

పదకొండు నెలలకు బెరెంగేర్ ఆ పటం పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. "పెద్దాయనా, అక్కడ అల లేదు, నురుగు లేదు. మీ చుక్కలే లేకపోతే నేరుగా ఆ తిన్నె మీదికే పోయేవాళ్ళం. పడవ పంపి తాడుకు కట్టిన సీసపు గుండు దించి చూస్తే లోతు ఒక్క బారే."

"వెళ్ళింది ఇరవై ఏడు మంది. ఎంతమంది వచ్చారు?"

"ఇరవై ఏడు మందిమీ వచ్చాం."

మావయ్య చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత ఎప్పటిలాగే కసిరాడు. "ఇవాళ మంగళవారమే కదా? అమ్మాయ్, ఆ దరిద్రపు చుక్కలు గీకేసి, ఎర్ర సిరాతో శుభ్రంగా పెట్టివ్వు."

"పెట్టను," అన్నాను. ఆయన మాట కాదనడం అదే మొదలు, అదే ఆఖరు.

మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. మా పటాల్లో తిన్నెలన్నీ ఎర్ర చుక్కలే. ఆ నది ఎదుటి తిన్నె ఒక్కటే నలుపు. పన్నెండు చుక్కలు, రెండు చెదిరినవి. ఎన్ని పటాలు గీసినా ముందు అవి పెట్టాకే తీరం మొదలుపెడతాను.