తోడికోడళ్ళ పందులు

తోడికోడళ్ళిద్దరివీ పక్కపక్క పొలాలు, మధ్యలో ఒక్క కంచె. ఇద్దరూ పందులనే పెంచేవారు గానీ, పెంచే తీరులో ఒకరిది తూర్పయితే మరొకరిది పడమర. పెద్దామె పందులు రేకుల షెడ్డులో, రోజూ కడిగిన గచ్చు మీద పెరిగేవి. పాలు మానిన పిల్లలకు జబ్బు వచ్చినా రాకపోయినా దాణాలో యాంటీబయాటిక్ కలపడం ఆమె అలవాటు. చిన్నామె పందులు పచ్చికలో తిరిగేవి, బురదలో పొర్లేవి, చలేస్తే పాకలో గడ్డిలోకి దూరేవి. మందు వాసన కూడా ఎరగవు.

చిన్నామె రోడ్డు పక్కన సొంత దుకాణంలో మాంసం అమ్మేది. ఖైమా కలిపినప్పుడల్లా, ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి చిటికెడు పచ్చిదే నాలుక మీద వేసుకునేది. ఎవరైనా మొహం చిట్లిస్తే, "మందు తగలని మాంసమండీ, భయమెందుకు?" అనేది. ఆ మాట కంచె దాటి పెద్దామె చెవిన పడేది.

"అంటే నాది విషమనా?" అని ఆమె మూతి ముడుచుకునేది.

రెండు మందలనూ చూసే పశువుల డాక్టరమ్మకు ఈ తగాదా విని విని విసుగొచ్చింది. "మీరిద్దరూ ఆగండి, పందులనే అడుగుదాం," అని రెండు చోట్లా నెత్తురు తీసింది, పెంట కూడా తీసింది, పరీక్షకు పంపింది.

ఫలితాలు వచ్చాక దుకాణంలోకొచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పెద్దామె గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"చిన్నమ్మగారూ, మీ పందుల్లోనే క్రిములు ఎక్కువ తేలాయి," అంది డాక్టరమ్మ. "విరేచనాలు తెప్పించే క్రిమి ఒకటి. కండలో గూడు కట్టుకునే పరాన్నజీవి ఇంకొకటి. రెండింటి జాడా నెత్తుట్లో ఉంది."

చిన్నామె నమ్మలేదు. "నా పందులు గుండ్రాళ్ళలా ఉన్నాయి కదండీ! జబ్బుంటే మేత మానాలి కదా?"

"ఆ పరాన్నజీవికి పందితో పెద్దగా పేచీ లేదు. సరిగా ఉడకని మాంసం తిన్నవాళ్ళకే చిక్కు. కడుపుతో ఉన్నవాళ్ళకైతే మరీ."

పెద్దామె గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఆమె మొహంలో వెలుగు చూసి డాక్టరమ్మ అటు తిరిగింది.

"మీరూ సంబరపడకండి. మీ షెడ్డులో క్రిములు తక్కువే. కానీ ఉన్నవి మూడు రకాల మందులకు లొంగడం లేదు. రోజూ మందు తిని రాటుదేలాయి."

చిన్నామె, "అసలు ఆ పురుగు నా పొలంలోకి ఎలా వచ్చిందండీ?" అని అడిగింది. కోపం కన్నా వింత ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"పిల్లి పెంటలో వస్తుంది. పిల్లికేమో ఎలుకల వల్ల."

"నాకు పిల్లులే లేవే!"

మర్నాడు తెల్లారగానే ఆమె దాణా కొట్టు మూల పీట వేసుకు కూర్చుంది. ఎలుకలు వచ్చాయి, పిచ్చుకలు వచ్చాయి, పిల్లి మాత్రం రాలేదు. పొద్దెక్కాక పెద్దామె కంచె సందులోంచి దూరి వచ్చింది.

"పిల్లి కనిపించిందా?"

"లేదక్కా. నువ్వెందుకొచ్చావు?"

"చూద్దామని. నాకూ నిద్ర పట్టలేదు."

ఇద్దరూ పీట పంచుకున్నారు. కాసేపటికి పాకలోంచి సన్నగా కూత వినిపించింది. అక్కడ వరసగా పేర్చిన గడ్డి కట్టలు ఒక్కొక్కటే తీశారు. అడుగున బూడిద రంగు పిల్లి, నాలుగు కూనలు. పక్కనే, పందులకు పరిచే గడ్డి మీద ఎండిన పెంట.

"నీ ఎలుకలు తిని, నీ గడ్డిలో పురుడు పోసుకుని, నీ కళ్ళకే కనబడలేదు చూడు!" అని పెద్దామె నవ్వింది. చిన్నామెకూ నవ్వాగలేదు. అంతలోనే ఆ నవ్వు చప్పబడింది. "అక్కా, నేను ఇన్నాళ్ళూ పచ్చి ఖైమా నాకాను కదా?"

ఆసుపత్రికి పెద్దామే తీసుకెళ్ళింది. పరీక్షలో పాత జాడ తేలింది. ఎప్పుడో సోకి సద్దుమణిగిందనీ, ఇప్పుడు బెంగ లేదనీ చెప్పారు.

"ఇంకేం, నువ్వూ నీ మందా ఒకే నెత్తురు," అంది పెద్దామె దారిలో.

పిల్లినీ కూనలనూ పొలానికి దూరంగా, పట్నంలో అడిగినవాళ్ళ ఇళ్ళకు చేర్చారు. దాణా డబ్బాలకు బిగుతు మూతలు వచ్చాయి, కొట్టు కంతలకు ఇనుప జాలీ వచ్చింది. పందులను మాత్రం చిన్నామె పచ్చికలోనే ఉంచింది. దుకాణంలో మాంసం కట్టి ఇచ్చేటప్పుడు, "లోపల ఎరుపు పోయేదాకా ఉడికించండి," అని చెప్పడం మొదలుపెట్టింది. "మందు తగలనిదన్నారుగా?" అని ఒకాయన అడిగితే, "మందు తగల్లేదు, పురుగు తగిలింది," అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. కొందరు మళ్ళీ రాలేదు. ఆయన మాత్రం మరో అరకిలో కొనుక్కెళ్ళాడు.

కొన్నాళ్ళకు పెద్దామె దాణా కలుపుతూ, మందు పొట్లం చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కంచె దగ్గరికొచ్చి కేకేసింది.

"చెల్లీ! ఓసారి ఇటు రా. ఇది వేయకపోతే ఏమవుతుందో చూద్దాం. ముందు ఒక గదిలో పిల్లలకు మాత్రమే ఆపుదాం. డాక్టరమ్మను కూడా పిలుద్దాం."

"పీట తేనా?" అంది చిన్నామె.