ప్రిస్సిల్లా ఉందిగా

"వచ్చే ఏడాది వైనరీలు కూడా నువ్వే ప్లాన్ చేసెయ్ ప్రిస్సీ. నువ్వయితే ఏదీ మర్చిపోవు" అన్నాడు డేనీ, శనివారం పొద్దున్నే నేను పులిహోర కలుపుతుంటే. మా ఆయన మెచ్చుకున్నాడంటే ఏదో పని నా నెత్తిన పడబోతోందని అర్థం. పెళ్లయిన మూడేళ్లలో ఆ మాత్రం నేర్చుకున్నాను.

ఆస్ట్రేలియాలో మేముండే పెర్త్ చుట్టుపక్కల ఏడాది పొడుగునా ఏదో ఒక వైనరీలో, అంటే ద్రాక్షతోట పెట్టి వైన్ తయారు చేసే చోట, ఏదో ఒక సంబరం ఉంటుంది. మార్చిలో ద్రాక్ష కోతల పండగ, చలికాలంలో నెగడు చుట్టూ కూర్చుని రెడ్ వైన్, వసంతంలో పీపాలు తెరిచే రోజు. డేనీకీ, అతని స్నేహితుడు దీక్షిత్‌కీ, వాళ్ల జట్టుకీ ఇవన్నీ కావాలి. టికెట్లు అయిపోకముందే కొనడం, బయటి తిండి రానిస్తారో లేదో కనుక్కోవడం, తెల్లారకముందే లేచి అందరికీ చికెన్ వేపుడు చెయ్యడం నా పని. ఒకసారి దీక్షిత్ బస్సు మాట్లాడదామంటే, "బస్సెందుకురా, ప్రిస్సిల్లా ఉందిగా. తను తాగదు" అన్నాడు డేనీ. తాగని మంచితనానికి నాకు దక్కిన బహుమానం స్టీరింగు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఈ ఊళ్లో నేను యూనివర్సిటీలో చదువుతున్నది వైన్ తయారీయే. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చేసి, ఇక్కడ సీటు నేను తెచ్చుకుంటే, నా వీసా మీద డేనీ వచ్చాడు. ఎవరడిగినా "మేం మాస్టర్స్‌కి వచ్చాం" అంటాడు. ఆ మేం అనే మాటలో అసైన్‌మెంట్లు రాసేది నేనొక్కదాన్నే. పాలకొల్లులో మా అత్తయ్య మరియరాణి చర్చిలో అందరికీ ఫుడ్ సైన్స్ అని చెప్పింది. "సారాబట్టీ చదువని తెలిస్తే మా మొహాలు ఎక్కడ పెట్టుకోమంటావమ్మా?" అని ఫోన్లో నన్ను నిలదీసింది. కొడుకు గ్లాసు పట్టుకున్న ఫొటో చూసి మాత్రం, "చలిదేశం కదా, ఒంటికి వేడి కావాలిలే" అంది. ఆవేళ ఇక్కడ ఎండకి తారు కరుగుతోంది.

నా చదువు పూర్తి కావాలంటే ఒక కోతల కాలమంతా ఏదైనా వైనరీలో పనిచెయ్యాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడే ఉండాలి. కిందటేడు అవకాశం వస్తే, "అన్ని రోజులు నేనేం తినాలి?" అని డేనీ అలిగి కూర్చున్నాడు. ఈసారీ తప్పితే డిగ్రీ రాదని మా లెక్చరర్ తేల్చి చెప్పేసింది.

ఆ శనివారం వెళ్లిన చోట వైన్ తయారు చేసేది రూత్ అనే పెద్దావిడ. నేనేం చదువుతున్నానో విని, కౌంటర్ మీద నాకో గుక్కెడు పోసింది. గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేశాను. రుచి చూసేవాళ్లంతా చేసేదే అది, మా క్లాసులో మొదటిరోజే నేర్పారు. మా జట్టుకి మాత్రం వాంతి చేసుకున్నంత వింతయింది. "అంత చేదుగా ఉందా చెల్లెమ్మా?" అని దీక్షిత్ పగలబడి నవ్వాడు. డేనీ మొహం మాడిపోయింది. అదేమీ పట్టించుకోకుండా రూత్ నన్ను ఫిబ్రవరిలో కోతలకి రమ్మని అడిగి, తన నంబరిచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కారెక్కగానే డేనీ మొదలుపెట్టాడు. "నలుగురిలో ఉమ్ముతావా? పరువు తీశావ్."

"రుచి చూడ్డమంటే అదే డేనీ. రూత్ నన్ను పనికి రమ్మంది, ఫిబ్రవరి నుంచి."

"మార్చిలో సిడ్నీ నుంచి మావాళ్లు పండక్కొస్తున్నారు, మర్చిపోయావా? వాళ్లనెవరు తిప్పుతారు? నీ పని ఆ పై ఏడాది చూద్దాంలే."

నాకు ఆ పై ఏడాదంటూ లేదని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. ఇల్లు చేరకముందే కార్లో వెనకసీటంతా కక్కాడు. దీక్షిత్ దానికీ నవ్వాడు. సాయంత్రం ఆ సీటు నేనే కడిగాను, ముక్కుకి చున్నీ కట్టుకుని. నేను ఉమ్మితే పరువు తక్కువ, అతను కక్కితే సరదా. సబ్బు రుద్దుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి మీద ఉన్న జాలి కూడా ఆ నీళ్లతోనే పోయింది.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చాక దీక్షిత్ భోజనానికి వచ్చాడు. ఇద్దరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. అదీ కొత్తే. మామూలుగా వాళ్లు లేచాక తింటాను.

"ప్లాన్ అయిందా?" అన్నాడు డేనీ ముక్క కొరుకుతూ.

"అయింది. ఏడాదంతటికీ బుక్ చేసేశాను."

"మార్చిలో ఎక్కడ?"

"రూత్ వాళ్ల వైనరీలో. ఆరుగురికి టేబుల్."

"ఆరుగురేంటి, నీతో ఏడుగురం కదా?"

"నేను కౌంటర్ వెనకుంటాను. ఫిబ్రవరి నుంచే అక్కడుంటాను. వస్తానని పొద్దున్నే ఆవిడకి మెసేజ్ పెట్టేశాను."

దీక్షిత్ తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. డేనీ చేతిలో ముక్క పళ్లెంలో పడేశాడు. అరుస్తాడేమో అనుకున్నాను. "మరి కారు?" అన్నాడు. ఇన్ని నెలలు పెళ్లాం ఇంట్లో ఉండనంటే మా ఆయనకి ముందు గుర్తొచ్చింది అదీ.

"నువ్వే నడపాలి డేనీ" అన్నాను, పెరుగు గిన్నె అతని ముందుకు జరుపుతూ. "నడిపేవాళ్లకి నేను వైన్ పొయ్యను."