క్యా హై, బోలో

బిడ్డ బయటపడగానే తల్లికి చూపించి, "క్యా హై? జోర్‌సే బోలో" అని, అంటే ఏం బిడ్డో గట్టిగా చెప్పమని అడగాలి. ఆడో మగో తల్లే నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట అందరూ విన్నాకే బిడ్డ చేతికి పట్టీ. తర్వాత ఎవరూ "బిడ్డను మార్చేశారు" అని గొడవ చెయ్యకుండా ఢిల్లీలో మా ఆసుపత్రి పెట్టుకున్న రూలిది. కాకినాడ నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా కాన్పులు చేస్తున్నాను. నా హిందీ ఇప్పటికీ వంకరే గానీ, ఈ ముక్క మాత్రం నిద్రలో లేపినా తప్పు పోదు.

మంగళవారం పొద్దున కమలేశ్ కన్నది. ఇక్కడ ఆడవాళ్లకీ ఆ పేరుంటుంది. అప్పటికే ముగ్గురు ఆడపిల్లలు. నాలుగోదాన్ని ఎత్తి చూపించాను. చూసింది, కళ్లు గట్టిగా మూసుకుంది.

"నాతో అనిపించకు దీదీ," అని హిందీలో ఏడ్చింది.

జాలేసింది. నేనే 'ఆడ' అని రాసి పట్టీ కట్టేశాను. అయ్యో అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందని మా అమ్మ ఊరికే అనలేదు.

సాయంత్రానికి వాళ్ల అత్త వార్డులో గుండెలు బాదుకుంది. "హమారా లడ్కా థా! బదల్ దియా!" వాళ్లకి పుట్టింది మగపిల్లాడట, మేం మార్చేశామట. కోడల్ని అడిగితే తల దించుకుంది. తల్లి చెప్పగా నువ్వు విన్నావా అని ఆయాని అడిగారు. వినలేదంది. అది నిజమే. మర్నాడు నాకు మెమో ఇచ్చి బట్టల స్టోరులో పడేశారు. డీఎన్ఏ రిపోర్టు నెలకు గానీ రాదట. అప్పటిదాకా పిల్ల నర్సరీలో, డబ్బా పాల మీద.

మూడో రోజు దుప్పట్లు లెక్కపెడుతుంటే మా చర్చివాళ్లమ్మాయి షారన్ వచ్చింది. చదువు కోసం నర్సుల మీద సర్వే చేస్తోందట.

"జయశీల ఆంటీ, జస్ట్ టిక్ పెట్టండి. మీ జాబ్‌లో మీకు తృప్తి ఉందా? ఒకటి నుంచి ఐదు."

ఒళ్లు మండింది. "నా తృప్తి పైన వార్డులో పడుకునుందమ్మా. అడిగొస్తాను, కూర్చో."

నర్సరీ సిస్టర్‌ని బతిమాలి పిల్లనెత్తుకుని వెళ్లాను. కమలేశ్ జాకెట్టు పాలతో తడిసి ఉంది. అత్త మంచం పక్కనే బిస్కెట్టు తింటోంది. తల్లి ఒక్క మాట అంటే చాలు, పిల్లకి అమ్మ దక్కుతుంది, నాకు నా పని దక్కుతుంది. పిల్ల గుడ్డ విప్పి చూపించాను.

"కమలేశ్, అబ్ బోలో. క్యా హై?"

పిల్ల ఏడ్చింది. కమలేశ్ చెయ్యి చాపి గుడ్డను మళ్లీ పిల్ల కాళ్ల మీదకి లాగింది, చలేస్తుందని. తర్వాత అత్త వైపు చూసింది.

"యే మేరీ నహీ హై. మేరా లడ్కా థా."

ఇది నా పిల్ల కాదు, నాకు పుట్టింది మగపిల్లాడు అన్న ఆ మాట చుట్టూ పది మంచాలవాళ్లూ విన్నారు. ఇరవై రెండేళ్లలో నా ప్రశ్నకి అంత గట్టిగా జవాబు చెప్పిన తల్లి లేదు.