సిమెంటాయన పక్కటెముకలు

చమురు బావి తవ్విన రోజు అందరూ నవ్వుతూ ఫొటోలు దిగుతారు. ఆ బావిలో ఉక్కు గొట్టానికీ మట్టికీ మధ్య సిమెంటు పోసినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారని మీలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా?

అడగలేదు కదా! అయితే వినండి.

మేడ మీద రెండు గదుల వాటాలో ఒకాయన ఉండేవాడు. ఉద్యోగమంతా ఆ పనే చేశాడు కాబట్టి వీధి వీధంతా సిమెంటాయన అనేది. ఆయన సిమెంటు పోసిన బావుల్లో ఏది పాడైనా ఆయన ఒంట్లో తెలిసిపోయేది. ఒక బావి మొరాయిస్తే మోకాలు పట్టేసేది. ఇంకోటి పూడిపోతే చెవి దిబ్బడ వేసేది. కొన్నాళ్ళుగా కుడి పక్కటెముకల కింద చొక్కా తడిసేది, చమురు వాసనతో. రోజూ పొద్దున్నే భార్య మొదట ఆ చొక్కానే చూసేది.

"మళ్ళీ కారింది. ఇంట్లో సబ్బంతా మీ బావికే సరిపోతోంది."

"నా బావేంటే? కంపెనీది."

"కంపెనీదైతే కంపెనీ వాళ్ళ చొక్కాలు తడవాలిగా!"

కింది వాటా టైలరు మెట్ల మీద ఎదురైతే, "ఈసారి ఏ బావండీ?" అని అడిగేవాడు, వానొచ్చేలా ఉందా అన్నంత మామూలుగా.

ఒక వారం సిమెంటాయనకి ఊపిరి అందడం తగ్గింది. మెట్లెక్కుతూ మధ్యలోనే కూలబడ్డాడు.

కూతురు ఆ కంపెనీలోనే బావులు వినే పని చేసేది. వెంట్రుకంత గాజు తీగ ఉన్న ఫైబర్ కేబుల్‌ని బావి అడుగుదాకా దించి, దాంట్లోకి లేజర్ వెలుగు పంపేది. లోపల ఎక్కడ చప్పుడైనా, ఎక్కడ చల్లబడినా, తిరిగొచ్చే వెలుగులో తేడా కనిపించేది. ఎంత లోతులో కారుతోందో స్క్రీనే చెప్పేది. నాన్న చొక్కా తడుపుతున్న బావికి కేబుల్ దించిన రోజు, సైట్ గదిలో నాన్నని పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకుంది. అమ్మ పొడి తువాళ్ళు పట్టుకుని వచ్చింది.

స్క్రీన్ మీద ఏమీ లేదు. సిమెంటాయన చొక్కా కూడా పొడిగానే ఉంది, కానీ మొహం నల్లబడి ఊపిరి బిగుసుకుపోయింది.

సూపర్‌వైజరు హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. "చూశారుగా మేడమ్? చప్పుడే లేదు. బావిని పైన సిమెంటుతో మూసేద్దాం. సాయంత్రానికి పనైపోతుంది."

"పొద్దున వాల్వు మూశారు కదా సార్. చమురు పోయే దారి లేక లోపలే బిగదీసుకుని ఉంది. కారకపోతే చప్పుడెలా వస్తుంది? వాల్వు తెరిస్తేనే చోటు తెలుస్తుంది."

"తెరిస్తే మరి మీ నాన్నగారు..." అంటూ ఆగాడు. సిమెంటాయన ఒంటి సంగతి ఆయనకీ తెలుసు.

"పైన మూస్తే?" అంది అమ్మ.

కూతురు నాన్న వైపు తిరిగింది. పైన మూయడమంటే ఆయన గొంతు మూయడమే. తెరిస్తే, చోటు దొరికేలోపు ఆయనలో ఊపిరి మిగులుతుందో లేదో.

సిమెంటాయన తువాలు పక్కకి అదుముకున్నాడు. "తెరిపించమ్మా. నా మొహం చూడకు. స్క్రీన్ చూడు."

తెరిచారు. చొక్కా తడిసింది, తువాలు తడిసింది, అమ్మ ఇంకోటి పెడితే అదీ తడిసింది. కూతురు వెనక్కి తిరగలేదు. స్క్రీన్ మీద మొదట అంతా గజిబిజి. తర్వాత ఒక చోట చల్లటి నీలం మచ్చ, అదే లోతులో సన్నటి బుస. అది నిజంగా అక్కడిదేనా, పై చప్పుడా? తేలేదాకా ఆమె కళ్ళు ఆర్పలేదు.

"ఏమండీ... ఏమండీ..." అంటోంది అమ్మ.

"దొరికింది! వాల్వు మూయండి!"

సరిగ్గా ఆ లోతులో గొట్టానికి చిల్లులు పెట్టి, వెనకున్న పగుల్లోకి ఒత్తిడితో సిమెంటు ఎక్కించారు. అది గట్టిపడే కొద్దీ సిమెంటాయన పక్కటెముకల కింద అరచేయంత మేర బూడిదరంగు రాయి అయింది. ఊపిరి ఆడింది. అమ్మ వేలితో కొట్టి చూసింది. టక్కుమంది.

"నొప్పి లేదా?"

"అక్కడ నాకేమీ లేదే. నీ చెయ్యి కూడా తెలీట్లేదు."

ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఆయనలాంటి వాళ్ళు ఇంకా ఎంతమందో మెట్ల మీద కూలబడుతున్నారు. మూసిన వాల్వుల ముందు నిలబడి "చప్పుడే లేదు" అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. మీ దగ్గర్లో బావి ఉంటే గేటు దాకా వెళ్ళండి. వాల్వు తెరిచి వినమని అడగండి. విన్నదేమిటో మీకు చెప్పేదాకా అక్కణ్ణించి కదలకండి.